దావా ఏ ఊళ్లో వేయాలి?

దుకాణం బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో ‘హైదరాబాదు కోర్టుల పరిధికి లోబడి’ అని ఉంటుంది. సాఫ్ట్‌వేర్ లైసెన్సుల చివర కనిపించేదీ ఆ బాపతు షరతే. ఊరు మాత్రం మనది కాదు.

ఇలాంటి షరతులను అమెరికా కోర్టులు చాలాకాలం తమ అధికారానికి గండి అని కొట్టేసేవి. 1968 జనవరిలో లూసియానా నుంచి ఇటలీకి లాక్కెళ్తున్న చమురు రిగ్గు తుపానులో దెబ్బతింది. లాగే కంపెనీతో ఒప్పందంలో లండన్ కోర్టు అని ఉన్నా రిగ్గు యజమాని కంపెనీ ఫ్లోరిడాలోని టాంపాలో దావా వేసింది. 1972లో సుప్రీంకోర్టు లండన్ షరతునే నిలబెట్టింది. అవి రెండు పెద్ద కంపెనీలు, బేరమాడి రాసుకున్న కాగితం.

1991లో అదే న్యాయం ఓడ టికెట్టుకూ పాకింది. వాషింగ్టన్ రాష్ట్రపు దంపతులు కార్నివాల్ విహార నౌక ఎక్కితే, భార్య జారిపడింది, దావా వేశారు. టికెట్టు మీద ఫ్లోరిడా కోర్టు అని ఉంది కాబట్టి అక్కడికే వెళ్లమంది సుప్రీంకోర్టు. విభేదించిన జస్టిస్ స్టీవెన్స్ ఆ సన్నక్షరాల షరతులను తన తీర్పుకే జతచేశారు, మీరే చదివి చూడండన్నట్టు. నాకాయన పక్షమే సబబనిపిస్తుంది. బేరం లేనిచోట ఒప్పుకోలు ఏమిటి?

1999లో న్యూజెర్సీ అప్పీలు కోర్టు ‘ఒప్పుకుంటున్నాను’ అన్న మీట నొక్కడాన్నీ సంతకంగానే చూసింది. మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ చందాదారులు వాషింగ్టన్ రాష్ట్రం వెళ్లి పోరాడాల్సిందే.

ఉచితంగా పంచే కోడ్‌లోనూ ఈ షరతు చేరింది. క్యూటీ అనే సాఫ్ట్‌వేర్ వారి పాత లైసెన్సు ఓస్లో నగర కోర్టు అంది. మొజిల్లా 1.1 లైసెన్సు, కనీసం ఒక పక్షమైనా అమెరికాదైతే, కాలిఫోర్నియాలోని శాంటా క్లారా అంది. డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వలంటీర్లలో కొందరికి ఇక్కడే మండింది. పైసా ఆశించకుండా కోడ్ సవరించినవాడు, కేసు పడితే విమానం టికెట్టు కొనుక్కోవాలా? వెళ్లకపోతే ఏకపక్ష తీర్పే.

జీపీఎల్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఏ ఊరి పేరూ ఎత్తదు. అయినా 2004లో ఆ లైసెన్సు కింద పంచిన నెట్‌ఫిల్టర్ అనే కోడ్ మీద మ్యూనిక్‌లో కేసు నడిచింది, జీపీఎల్ నిలిచింది.

2012లో వచ్చిన మొజిల్లా 2.0 శాంటా క్లారాను వదిలేసింది. ప్రతివాది ప్రధాన వ్యాపారం ఎక్కడుంటే దావా అక్కడే అంది. 1908 నాటి మన సివిల్ ప్రొసీజర్ కోడ్, 20వ సెక్షనులో, దావా వేయదగ్గ చోట్లలో మొదట చెప్పేదీ ప్రతివాది ఉండే ఊరే.