శిక్ష
మా ప్రక్కయింటి బాలుని మనస్తత్వశాస్త్రపు నోటుపుస్తకమున ‘ఋణాత్మక పునర్బలనము అనగా శిక్ష’ అను పంక్తిక్రింద ఎఱ్ఱసిరా గీత జూచి నొచ్చుకొంటిని. ‘శక్’ ధాతువునకు ఇచ్ఛార్థమున నేర్పడిన ‘శిక్ష’కు మొదటి యర్థము ‘చేయగలవాడు కాగోరుట’, అనగా నేర్చుట. వేదాంగములలో ఉచ్చారణశాస్త్రమునకును అదియే పేరు. హిందీవారికి నేటికిని శిక్షామంత్రి విద్యామంత్రియే కాగా, మనకును, కన్నడులకును, మరాఠీలకును మాత్రము, గురువుగారి బెత్తము మహిమయో యేమో, ఆ పదము దండనమై, చదువు భారము ‘శిక్షణ’పై బడినది. శిష్యుడు, పోలికకు దగ్గఱివాడైనను, ఈ యింటివాడు కాడు. ‘శాస్’ ధాతువు బిడ్డ, శాసనమునకు తోబుట్టువు. ఇక వర్తనా విశ్లేషకులకో, 1966లో అజ్రిన్, హోల్జ్ అనువారు చెప్పిన నిర్వచనమును బట్టి, ఒక చేష్ట వెనువెంట వచ్చి, ఆ చేష్ట మరల జరుగుటను తగ్గించునది యేదైనను శిక్షయే, హెచ్చించునది పునర్బలనము. అందు ‘ఋణాత్మక’మనగా చెడ్డదని కాదు, తీసివేత యని. కారులో కీచుమను మోత బెల్టు పెట్టుకొనగానే ఆగుటచేత మఱునాడు బెల్టు ముందే పెట్టుకొందుమే, అది ఋణాత్మక పునర్బలనము. అల్లరివానిని పదిమందిలో కేకలువేయగా అల్లరి మఱింత హెచ్చెనా, వేసినవారి యుద్దేశమేదైనను, ఆ కేక శిక్ష కాదు, పునర్బలనమే. బాలుని పుస్తకమున ‘శిక్ష’ను కొట్టివేసి ‘తీసివేతచే బలపఱచుట’ యని వ్రాసియిచ్చితిని. పరీక్షలో దానికి మార్కులు పడలేదట.