సొంతంగా డ్రోన్ తయారు చేశారా? గాల్లోకి లేపే ముందు ఇవి చెక్ చేయాల్సిందే..!

షాపులో కొన్న డ్రోన్‌ను కంపెనీ ముందే టెస్ట్ చేసి పంపిస్తుంది. ల్యాబ్‌లో మనమే బిగించుకున్న డ్రోన్‌కు ఆ గ్యారంటీ ఉండదు. దానికి మొదటి టెస్ట్ పైలట్ మనమే. పంటల సర్వే, చెరువుల మ్యాపింగ్, గాలి నాణ్యత కొలతలు.. ఇలా రీసెర్చ్ కోసం ఇంజినీరింగ్ విద్యార్థులు సొంతంగా డ్రోన్లు తయారు చేస్తున్నారు. మోటార్లు, బ్యాటరీ, ఫ్లైట్ కంట్రోలర్ ఒక్కోటి ఒక్కో చోట కొని కలుపుతారు. అందులో ఒక్క వైరు తారుమారైనా వేళ్లు తెగొచ్చు, లేదంటే డ్రోన్ ఎవరి తలపైనో పడొచ్చు. అందుకే ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది తెలిసి ఉండాలి.

ప్రొపెల్లర్లు బిగించేది చివర్లోనే

డ్రోన్‌తో గాయాలు గాల్లో ఉన్నప్పుడే అవుతాయనుకుంటే పొరపాటే. టేబుల్ మీద సెట్టింగులు మారుస్తుండగా మోటార్ ఒక్కసారిగా తిరిగితే చేతికి తగిలేది ప్రొపెల్లరే. కాబట్టి వైరింగ్, క్యాలిబ్రేషన్, మోటార్ టెస్ట్.. అన్నీ ప్రొపెల్లర్లు లేకుండానే పూర్తి చేయాలి.

నాలుగు మోటార్ల డ్రోన్‌లో రెండు సవ్య దిశలో, రెండు అపసవ్య దిశలో తిరగాలి. ఎదురెదురు మూలల్లో ఉన్నవి మాత్రం ఒకే వైపు తిరుగుతాయి. ఒక్కటి తేడాగా తిరిగినా, ఒక ప్రొపెల్లర్ తలకిందులుగా బిగించినా.. టేకాఫ్ కాగానే డ్రోన్ పల్టీ కొడుతుంది.

కంపాస్ క్యాలిబ్రేషన్ మేడ మీద చేయొద్దు. స్లాబ్‌లోని ఇనుము వల్ల దిక్కులు తప్పుగా నమోదవుతాయి. కార్లు, ఇనుప రెయిలింగ్‌లకు దూరంగా ఖాళీ మైదానంలో చేయడం మంచిది.

బ్యాటరీతో ఆటలొద్దు

ఈ డ్రోన్లలో ఎక్కువగా వాడేది లిథియం పాలిమర్ బ్యాటరీ. ఒక్కో సెల్ ఫుల్ ఛార్జ్‌లో 4.2 వోల్టులు ఉంటుంది. 3.5కు పడేలోపే కిందికి దించేయాలి. అంటే 4 సెల్స్ బ్యాటరీ 16.8 వోల్టులతో మొదలైతే, 14కు వచ్చేదాకా ఆగొద్దు. వాడకుండా పక్కన పెట్టేటప్పుడు సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి.

బ్యాలెన్స్ ఛార్జర్‌తోనే ఛార్జ్ చేయాలి. రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేసి వెళ్లొద్దు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడొద్దు. ఎండలో నిలిపిన కారులో అస్సలు పెట్టొద్దు.

సిగ్నల్ పోతే ఏం చేస్తుంది?

రిమోట్ సిగ్నల్ తెగితే డ్రోన్ తనంతట తాను బయల్దేరిన చోటుకు తిరిగి రావాలి. దీన్నే రిటర్న్ టు లాంచ్ అంటారు. జీపీఎస్ లాక్ పడకముందే లేపేస్తే.. ఎక్కడికి రావాలో దానికే తెలియదు.

ఇంకో ముఖ్యమైన విషయం. చాలామంది వాడే ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్‌లో ఈ తిరుగు ప్రయాణం ఎత్తు డీఫాల్ట్‌గా 15 మీటర్లు. డ్రోన్ అంతకంటే కింద ఉంటే ముందు 15 మీటర్లకు లేచి, తర్వాత నేరుగా వెనక్కి వస్తుంది. దారిలో 20 మీటర్ల హాస్టల్ బిల్డింగో, సెల్ టవరో ఉంటే వెళ్లి దానికే తగులుతుంది. అందుకే ఎగరేసే చోట అన్నింటికంటే ఎత్తయినది చూసుకుని, అంతకు మించి సెట్ చేయాలి. ప్రొపెల్లర్లు బిగించకముందే రిమోట్ ఆఫ్ చేసి, ఫెయిల్‌సేఫ్ పనిచేస్తుందో లేదో చూసుకోవాలి.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం గుర్తింపు పొందిన విద్యా సంస్థలు, పరిశోధన సంస్థలు, స్టార్టప్‌లకు రీసెర్చ్ ఫ్లైట్ల విషయంలో మినహాయింపు ఉంది. టైప్ సర్టిఫికెట్, యూనిక్ ఐడీ నంబర్, ముందస్తు అనుమతి, పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. కానీ కండిషన్ ఉంది. గ్రీన్ జోన్‌లో, తమ సొంత ప్రాంగణంలో లేదా తమ అధీనంలోని ఖాళీ స్థలంలోనే ఎగరేయాలి. పక్క ఊరి పొలం మీదికి తీసుకెళ్తే ఆ మినహాయింపు వర్తించదు.

గ్రీన్ జోన్‌లో సాధారణంగా ఎత్తు పరిమితి 400 అడుగులు. ఎయిర్‌పోర్టుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. హైదరాబాద్‌లో శంషాబాద్‌తో పాటు బేగంపేట, హకీంపేట, దుండిగల్‌లోనూ రన్‌వేలు ఉన్నాయి. విశాఖలో నేవీ స్థావరాలున్నాయి. కాబట్టి డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా ఎక్కడా లేపొద్దు.

మొదటి ఫ్లైట్ ఇలా..

గాలి తక్కువగా ఉండే పొద్దుటి పూట బెస్ట్. కెమెరా, సెన్సార్లు తీసేసి ఖాళీ డ్రోన్‌నే లేపాలి. రెండు మీటర్ల ఎత్తులో ఒక నిమిషం నిలిపి దించేయాలి. బ్యాటరీ కనెక్టర్ తీశాక మోటార్లు ముట్టుకుని చూడండి. ఒక్కటే బాగా వేడెక్కిందంటే తేడా ఉన్నట్టే. గాల్లో నిలబడటానికి సగం థ్రాటిల్ కంటే చాలా ఎక్కువ పడుతుంటే బరువు ఎక్కువైందని అర్థం. ఆ తర్వాత ఒక్కో మార్పు చేస్తూ, ప్రతిసారీ టెస్ట్ చేయాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే తప్పు ఎక్కడుందో దొరకదు.

ఒకరు రిమోట్, ఒకరు ల్యాప్‌టాప్ చూసుకోవాలి. మూడో వ్యక్తి పూర్తిగా ఆకాశం మీదే కన్నేసి ఉంచాలి. గద్దలు డ్రోన్‌పైకి దూసుకొస్తాయి. సంక్రాంతి రోజుల్లో పతంగి మాంజా ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే డ్రోన్ పడిపోయినట్టే.

కూలిపోతే?

పరుగెత్తి పట్టుకోవద్దు. ముందు రిమోట్‌తో మోటార్లు ఆపాలి. అవి ఆగాకే బ్యాటరీ తీయాలి. దెబ్బతిన్న బ్యాటరీ కాసేపటి తర్వాత కూడా అంటుకోవచ్చు. అందుకే దాన్ని బ్యాగులో వేసుకోకుండా ఆరుబయట ఇసుకలో పెట్టాలి. ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా డీజీసీఏకు డిజిటల్ స్కై ద్వారా తెలియజేయాలన్నది నిబంధన.

చివరగా ఒక్క మాట. డెమో రోజు గెస్టులు వచ్చేశారని, గైడ్ ఎదురుచూస్తున్నారని చెక్‌లిస్ట్ పక్కన పెట్టేస్తుంటారు. టీమ్‌లో ఏ ఒక్కరు 'ఈరోజు వద్దు' అన్నా ఫ్లైట్ ఆపేయాలని ముందే అనుకోండి. డెమో ఇంకో రోజు పెట్టుకోవచ్చు. పోయిన వేలు మాత్రం తిరిగి రాదు.