పరదేశికి తెరిచిన గుమ్మము



నేటి ధ్యానము కొరకు 1 రాజులు 8వ అధ్యాయము, 41 నుండి 43 వచనములు తెరవండి. మందిరమును ప్రతిష్ఠించిన దినమున సొలొమోను ఒక ఆశ్చర్యమైన మనవి చేశాడు. ఇశ్రాయేలీయుడు కాని పరదేశి దూరము నుండి వచ్చి ఈ మందిరము తట్టు తిరిగి ప్రార్థిస్తే, ప్రభువా, అతని మొరను కూడా ఆలకించుమని వేడుకున్నాడు. ఆ ప్రార్థనకు మన తెలుగు పల్లెసీమలో రెండు సాక్ష్యములు ఉన్నవి.

జూబ్లీ హిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో సినిమా పని చేసేవారికి సెట్టు సంగతి తెలుసు. కథలో చర్చి ఉంటే ప్లైవుడ్డుతో కొద్దిరోజుల్లో నిలబెడతారు, షూటింగు అయ్యాక విప్పేస్తారు. అక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరములోనున్న మెదకు దేవాలయము లేవడానికి మాత్రం పదేండ్లు పట్టింది. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు 1914లో ఆ పని ఆరంభించారు. అవి ప్రపంచ యుద్ధపు రోజులు, కరవు రోజులు. ఆకలితో వచ్చిన పల్లెజనులకు ఆయన దేవాలయపు పని ఇచ్చి, ఆహారము పెట్టారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల గోపురము, సుమారు 5,000 మంది కూర్చుండగల ఆవరణము.

ఆనాడు ఆ ప్రాంతములో ప్రభువును నమ్ముకున్నవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబముల వారు. ఊరి గుడి గుమ్మము తొక్కనివ్వని ప్రజలు వారు. అలాంటివారికి దేవుడు ఇంత గొప్ప గుమ్మమును ఇచ్చాడు. దానిని మరొకరి ముఖము మీద మూయడానికి ఇచ్చాడంటారా?

అక్కడి రంగు అద్దముల కిటికీలు చూడండి. క్రీస్తు ఆరోహణము 1927లోను, జననము 1947లోను, సిలువ 1958లోను అమర్చారు. బయట నిలబడి చూస్తే అవి నల్లగా, మసకగా కనబడతాయి. పగటివేళ లోపలికి వచ్చినవారికే ఆ రంగులు, ఆ బొమ్మలు తెలుస్తాయి. పొద్దుగూకితే అవీ కనబడవు. లోపలికి రానివ్వకపోతే చూడవచ్చినవారు గోడను మాత్రమే చూసి వెళ్తారు.

రెండవ సాక్ష్యము దోర్నకల్. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకము పొందిన వి.ఎస్. అజరయ్య గారు అక్కడ కట్టించిన దేవాలయమును 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగనాడు ప్రతిష్ఠించారు. దాని గుమ్మటములు మసీదులను, స్తంభములు దక్షిణదేశపు గుళ్లను తలపిస్తాయి. క్రీస్తు ఈ నేలకు పరాయివాడు కాడని ఆ రాళ్లే చెబుతున్నవి. ప్రత్యక్షత పండుగ ఎవరిని జ్ఞాపకము చేస్తుంది? తూర్పుదేశపు జ్ఞానులను. వారు ఇశ్రాయేలీయులు కారు. నక్షత్రమును చూసి, దారి అడుగుతూ వచ్చారు. ఆ తల్లి వారిని వెనక్కు పంపలేదు.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఈ రెండు దేవాలయములూ అందులో చేరాయి. నేడు క్రిస్మస్ దినమున మెదకుకు వేలాదిమంది వస్తారు. అందులో అన్ని మతముల వారు ఉంటారు. "వీళ్లు భక్తికి వచ్చారా, ఫోటోలకు వచ్చారా?" అని కొందరు విశ్వాసులు సణుగుతారు. ఆరాధన జరిగేటప్పుడు నిశ్శబ్దము కోరడము న్యాయమే. కాని సహోదరులారా, హృదయములను శోధించేవాడు దేవుడు. కొవ్వొత్తి చేతపట్టుకుని నిలబడిన ఆ తల్లి ఏ బాధతో వచ్చిందో మనకేమి తెలుసు? ఆమెకు దారి చూపండి, మంచినీళ్లివ్వండి, ఆ కిటికీలలోని కథ ఒక్కటైనా చెప్పండి.

పట్టణములో స్థిరపడిన ప్రియులారా, పండుగకు స్వగ్రామము వెళ్లినప్పుడు మీ ఊరి చిన్న మందిరమును మరువకండి. దానికి గోపురము లేకపోవచ్చు. తలుపు మాత్రం ఉంది. మీతో పొరుగువారినొకరిని తోడుకొని వెళ్లండి.

పరలోకపు తండ్రీ, మమ్మును చేర్చుకున్నట్టే ఇతరులను చేర్చుకొను మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.