శ్వాసకు మరో ద్వారం

విద్యార్థులారా! బస్తర్ అడవి పల్లెల్లో వానాకాలం రాత్రుళ్లు నేలమీద పడుకున్నవారిని కట్లపాము కాటేస్తుంది. నొప్పి అంతగా ఉండదు. కొన్ని గంటల్లో కనురెప్పలు వాలతాయి. తరువాత ఉదరవితానం, పక్కటెముకల మధ్య కండరాలు చచ్చుబడతాయి. ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి. వాటిలోకి గాలిని లాగే బలమే ఉండదు.

1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో కూడా ఇదే చిక్కు తెచ్చిపెట్టింది. బ్లెగ్డామ్ ఆసుపత్రిలో ఐరన్ లంగ్ యంత్రం ఒక్కటే! ఆగస్టు 27న మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ 12 ఏళ్ల బాలికకు మెడ ముందువైపు వాయునాళానికి రంధ్రం చేయించి గొట్టం అమర్చాడు. రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించాడు. బాలిక బతికింది. ఆపైన సుమారు 1500 మంది విద్యార్థులు, ఇంచుమించు మీ వయసువారే, రోగుల పక్కన వంతులవారీగా సంచులు నొక్కారు.

ఈ ట్రాకియాస్టమీ కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దంలో పారిస్‌లో త్రూసో డిఫ్తీరియా పిల్లలకు చేసేవాడు. అప్పుడది గొంతులోని అడ్డును తప్పించే దారి మాత్రమే. ఇబ్సెన్ దాన్ని గాలిని నెట్టే దారిగా వాడాడు.

కట్లపాము కాటుకూ విరుగుడు మందు ఒక్కటే చాలదు. కండరాలు కోలుకునేదాకా గాలి నెట్టాలి. మొదట నోటిగుండా గొట్టం, రోజులు గడిస్తే మెడలో. జగదల్‌పూర్ చేరేలోగా, అంబులెన్సులో ఆ సంచి నొక్కే చేయి ఒకటి ఉండాలి.