హిందూపురం - పెనుకొండ - ధర్మవరం ప్రాంత సందర్శన

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన మూడు పట్టణాలు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడే వరకు ఇవి అనంతపురం జిల్లాలో ఉండేవి. అందువలన పాత పటాలలోను, పుస్తకాలలోను వీటిని ఆ జిల్లా పేరుతోనే వెదకవలెను. విజయనగర చరిత్రకు పెనుకొండ, శిల్ప చిత్రకళలకు హిందూపురం సమీపములోని లేపాక్షి, పట్టుచీరలకు ధర్మవరం ప్రసిద్ధి చెందినవి. మూడు పట్టణాలు ఒకే రైలు మార్గముపై ఉన్నందున రెండు మూడు రోజులలో అన్నింటినీ చూడవచ్చును. ఈ ప్రాంతానికి మొదటిసారి వచ్చేవారు తెలుసుకొనవలసిన విషయాలు ఈ వ్యాసములో ఉన్నాయి.

వాతావరణము, అనువైన కాలము

ఇది రాయలసీమ పీఠభూమి. పూర్వపు అనంతపురం జిల్లా దేశములోనే అతి తక్కువ వర్షపాతము గల జిల్లాలలో ఒకటి. సాలీనా కురిసేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. ఆ కొద్దిపాటి వానలోను ఎక్కువ భాగము సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పడుతుంది. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉండుట వలన రాత్రులు చల్లగా ఉంటాయి. అయితే పగటి ఎండను తక్కువగా అంచనా వేయరాదు. అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు సందర్శనకు అనువైన కాలము. ఏప్రిల్, మే నెలలలో రావలసివస్తే కొండలు, కోటలు, రాతి మండపాలు ఉదయము పది గంటలలోపే చూసుకొని, మధ్యాహ్నము మగ్గాలు, దుకాణాలు చూచుటకు కేటాయించుకొనుట మేలు.

చేరుకొనే మార్గాలు

హైదరాబాదు - బెంగుళూరు జాతీయ రహదారి (44వ నంబరు) పెనుకొండ మీదుగా పోతుంది. బెంగుళూరు నుండి వచ్చేవారు రాష్ట్ర సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్టు వద్ద రహదారి విడిచి పడమరకు తిరిగితే లేపాక్షి, అక్కడి నుండి సుమారు 15 కి.మీ. దూరములో హిందూపురం వస్తాయి. అందరికీ దగ్గరలోని విమానాశ్రయము బెంగుళూరు నగరానికి ఉత్తరాన దేవనహళ్ళి వద్ద ఉన్నది. అది ఈ దిశలోనే ఉన్నందున నగరములోకి వెళ్ళనవసరము లేదు.

గుంతకల్లు - బెంగుళూరు రైలు మార్గములో మొదట ధర్మవరం, తరువాత పెనుకొండ, ఆ తరువాత హిందూపురం వస్తాయి. ధర్మవరం జంక్షను. ఇక్కడి నుండి కదిరి, మదనపల్లె రోడ్ మీదుగా పాకాలకు మరొక మార్గము చీలుతుంది కనుక తిరుపతి నుండి వచ్చేవారికి ఇదే అనుకూలము. ధర్మవరం, పెనుకొండల మధ్య కొన్ని బండ్లు పుట్టపర్తి మీదుగా నడుస్తాయి. అక్కడి స్టేషను పేరు శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం. పేరు తెలియక దిగవలసిన చోట దిగనివారు ఉన్నారు. ఎక్స్‌ప్రెస్ బండ్లలో అన్నీ పెనుకొండలో ఆగవు కనుక ముందుగా విచారించుకొనవలెను.

పెనుకొండ

పెనుకొండ అనగా పెద్దకొండ. పేరుకు తగినట్లే దూరము నుండే కనబడే రాతికొండ, దాని చుట్టును అల్లుకొన్న ప్రాకారాలు ఈ ఊరి గుర్తు. విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయలు ఈ దుర్గాన్ని తన కుమారుడు విరుపణ్ణకు అప్పగించినట్లు కోట ఉత్తర ద్వారము వద్ద గల 1354 నాటి శాసనము వలన తెలుస్తున్నది. 1565 తళ్ళికోట యుద్ధము తరువాత పాడుపడిన విజయనగరాన్ని విడిచి అళియ రామరాయల తమ్ముడు తిరుమల రాయలు ఇక్కడికి రాజధానిని మార్చాడు. ఆ శతాబ్దము చివరలో వెంకటపతి రాయల కాలములో రాజధాని చంద్రగిరికి తరలిపోయినది. అనగా దక్షిణ భారతములో అతి పెద్ద రాజ్యానికి ఈ చిన్న పట్టణము సుమారు పాతికేళ్ళు రాజధాని. హంపిని చూచి వచ్చే పర్యాటకులలో చాలామంది ఈ సంగతి తెలియకనే రహదారిపై దీనిని దాటిపోతారు.

కొండ దిగువన గల గగన్ మహల్, పక్కపక్కనే ఉన్న రామాలయము, శివాలయము, షేర్ ఖాన్ మసీదు, ఎర్రమంచి ద్వారము వద్ద నిలువెత్తు ఆంజనేయ విగ్రహము, ఆకుపచ్చరాతి విగ్రహము గల పచ్చ పార్శ్వనాథ జైనాలయము ముఖ్యముగా చూడదగినవి. ఊరిలో ఒకప్పుడు 365 గుడులు ఉండేవని స్థానికులు చెబుతారు. ఈ లెక్కను అక్షరాలా తీసుకొనవలసిన పనిలేదు గాని, ఏ వీధి తిరిగినా ఒక పాత రాతికట్టడము కనబడుట మాత్రము నిజము. బాబయ్య దర్గాగా పేరొందిన బాబా ఫకృద్దీన్ సమాధిని అన్ని మతాలవారు దర్శిస్తారు. తిరుచిరాపల్లి నత్తర్‌వలీ శిష్యుడైన ఈయనకు గురువు ఒక వేపపుల్లను ఇచ్చి, అది చిగిర్చిన చోట నిలిచిపొమ్మన్నాడని ఐతిహ్యము. దర్గాలో స్త్రీ పురుషులు తలపై వస్త్రము కప్పుకొనుట మర్యాద. ఉరుసు రోజులలో వసతి దొరకుట కష్టము.

కొండ ఎక్కేవారు తెల్లవారుజామున బయలుదేరవలెను. పైన దుకాణాలు లేవు. మనిషికి కనీసము రెండు లీటర్ల నీరు, మడమ నిలిచే చెప్పులు లేదా బూట్లు, ముళ్ళపొదల నుండి కాపాడే నిండు దుస్తులు అవసరము. మెట్లు కొన్నిచోట్ల చెదిరిపోయి ఉన్నాయి. ఒంటరిగా కాక దారి తెలిసిన స్థానికునితో వెళ్ళుట క్షేమము. ఇందుకు మరొక కారణము కూడా ఉన్నది. గుప్తనిధుల ఆశతో రాయలసీమ కోటలలో, పాత గుడులలో రాత్రివేళ తవ్వకాలు జరిపేవారి వలన ఎన్నో విగ్రహాలు ధ్వంసమైనాయి. అందుచేత చీకటిపడిన తరువాత కొండపై తిరిగే కొత్తవారిని ఊరివారు అనుమానముగా చూస్తారు. ఆ అనుమానము న్యాయమైనదే.

లేపాక్షి

లేపాక్షి వీరభద్రాలయాన్ని కూర్మశైలమనే చిన్న గుట్టపై అచ్యుత దేవరాయల పాలనలో (1529-1542) విరుపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించారు. ఈ విరుపణ్ణ పెనుకొండ శాసనములోని విరుపణ్ణ కాడు. ఇద్దరి మధ్య దాదాపు రెండు వందల ఏళ్ళ అంతరము కలదు. గైడ్లలో కొందరు ఈ రెండు పేర్లను కలిపివేస్తారు. రాజధనమును గుడికి ఖర్చు చేసినాడన్న నింద పడిన ఈ విరుపణ్ణ తన కళ్ళను తానే పెరికి గోడకు విసిరాడని స్థలపురాణము. గోడపై ఎర్రని మచ్చలను నేటికీ చూపిస్తారు. చిత్రమేమనగా, పెనుకొండలోను ఇటువంటిదే మరొక కథ ఉన్నది. శ్రీకృష్ణదేవరాయలు కళ్ళు తీయించిన మహామంత్రి తిమ్మరుసు ఇక్కడనే బందీగా ఉన్నాడని చెప్పి ఆయన చెరసాలను, సమాధిని చూపిస్తారు. 1962 నాటి మహామంత్రి తిమ్మరుసు చలనచిత్రము వలన ఆ కథ తెలుగువారందరికీ పరిచయమే.

ఆలయానికి కొద్ది దూరములో ఊరి మొదట్లో సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు గల ఏకశిలా నంది ఉన్నది. మొదట నందిని చూచి, తరువాత ఆలయము వెనుక ఏడుపడగల నాగలింగాన్ని చూచుట వాడుక. నాట్యమండపములోని వేలాడే స్తంభము నేలకు పూర్తిగా ఆనదు. దాని కింద గుడ్డను ఈ వైపు నుండి ఆ వైపునకు లాగి చూచుట ఆనవాయితీ అయినది. అయితే స్తంభాన్ని నెట్టుట, పట్టుకొని ఊగుట తగదు. పూర్తికాని కల్యాణమండపము, పనివారి భోజనానికి రాతిపై చెక్కిన పళ్ళాలు తప్పక చూడవలెను.

సందర్శకులలో ఎక్కువమంది స్తంభము వద్ద ఆగిపోయి తల పైకెత్తరు. లేపాక్షి అసలు సంపద పైకప్పున ఉన్నది. కిరాతార్జునీయము, గిరిజాకల్యాణము, మనునీతి చోళుని కథ, వీరభద్రుని పెద్ద చిత్రము విజయనగర చిత్రకళకు మిగిలిన కొద్ది ఆనవాళ్ళలో మేలైనవి. వాటిలోని స్త్రీ పురుషుల చీరలు, తలపాగాలు, నగలు ఆనాటి వేషధారణను తెలుపుతాయి. రంగులు ఇప్పటికే చాలాచోట్ల వెలిసిపోయినవి. ఫ్లాష్‌తో ఫొటోలు తీయరాదు, గోడలను, స్తంభాలను తాకరాదు. చిన్న టార్చిలైటు, దుర్భిణి ఉంటే చిత్రాలను బాగా చూడవచ్చును. ఇది పురావస్తు శాఖ రక్షణలోని కట్టడము. 2010 సవరణ తరువాత ఇటువంటి కట్టడాలను పాడుచేసినవారికి రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. 2022లో ఈ ఆలయము, నంది యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరినవి.

గుడిలో చెప్పులు వేసుకొనరాదు. మధ్యాహ్నము ఆరుబయటి బండలపై పాదాలు కాలుతాయి. పిల్లలు, వృద్ధులు నూలు మేజోళ్ళు తెచ్చుకొనుట మంచిది.

ధర్మవరం - పట్టుచీరల కొనుగోలు

చిత్రావతి నది ఒడ్డున గల ధర్మవరానికి, అక్కడి పెద్ద చెరువును త్రవ్వించిన క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేరు పెట్టాడని చెబుతారు. మొదటిసారి వచ్చేవారు ఎక్కువగా మోసపోయేది ఈ ఊరిలోనే కనుక ఈ విషయము కొంత వివరముగా తెలుసుకొనవలెను.

ధర్మవరం చీర నేతగాని ఇంటిలో గుంతమగ్గముపై తయారవుతుంది. వెడల్పైన జరీ అంచు, ఒడలికి భిన్నమైన రంగు, బరువైన పైట దీని లక్షణాలు. లేపాక్షి లతామండపపు స్తంభాలపై చెక్కిన తీగలు, పూలు, హంసలు ఈ అంచులలో నమూనాలుగా కనబడతాయి. అందువలన లేపాక్షిని ముందు చూచి ధర్మవరం రావడము మంచి క్రమము. పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్టుకు, కర్ణాటక మార్కెట్లకు వస్తాయి. దారము తీసి, పురిపెట్టి, అద్దకము వేసి, పడుగు సాగదీసిన తరువాత గాని నేత మొదలు కాదు. ఈ పనులలో ఇంటిలోని స్త్రీల శ్రమ చాలా ఉన్నది. నమూనాను బట్టి ఒక చీరకు కొద్ది రోజుల నుండి కొన్ని వారాలు పడుతుంది. సాధారణముగా మాస్టర్ వీవరు పట్టు, జరీ ఇచ్చి నేతగానికి కూలి చెల్లిస్తాడు.

1985 నాటి చేనేత రిజర్వేషను చట్టము కొన్ని రకాల వస్త్రాలను చేతిమగ్గానికే కేటాయించింది. ఆచరణలో మరమగ్గాలపై నేసిన అనుకరణ చీరలు చేనేత పేరుతోనే అమ్ముడవుతున్నాయి. ముడిపట్టు ధరల పెరుగుదల, ఈ పోటీ, అప్పులు కలిసి గత రెండు దశాబ్దాలలో ధర్మవరంలో పలువురు నేతగాండ్ర ఆత్మహత్యలకు దారితీసినవి. కొనేవాడు ఏది చేనేతో ఏది కాదో తెలుసుకొనుట కేవలము అతని డబ్బుకు సంబంధించిన విషయము కాదు.

సిల్కు మార్కు చీటీ ఉన్నంత మాత్రాన చీర చేనేత అని అర్థము కాదు. అది పట్టు స్వచ్ఛతకు మాత్రమే హామీ. మరమగ్గముపై నేసిన స్వచ్ఛమైన పట్టుకు కూడా ఆ చీటీ ఉండవచ్చును. చేనేతకు 2006లో ప్రవేశపెట్టిన హ్యాండ్‌లూమ్ మార్కు వేరు. రెండూ ఉన్నవో లేవో చూడవలెను. చీర వెనుక వైపు తిరగవేసి పరిశీలిస్తే, చేతితో వేసిన బుటా దారము పువ్వు వద్దనే తిరిగి ఉంటుంది. యంత్రపు బుటాలలో తరచు కత్తిరించిన కొసలు కనబడతాయి. చేతి నేతలో చిన్నచిన్న హెచ్చుతగ్గులు ఉండుట లోపము కాదు. పట్టును గుర్తించుటకు అంచున ఊడిన రెండు పోగులు అడిగి తీసుకొని కాల్చి చూడవచ్చును. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. కృత్రిమ దారము కరిగి గట్టి పూసగా మారుతుంది. అసలు జరీలో పట్టుపోగుపై వెండితీగ చుట్టి బంగారు పూత పూస్తారు. నేడు ఎక్కువ చీరలలో వాడేది రాగి జరీ గాని, ప్లాస్టిక్ జరీ గాని. అవి వాడుట తప్పు కాదు, వెండి జరీ అని చెప్పి ఆ ధర తీసుకొనుట తప్పు. ఏ జరీయో బిల్లుపై వ్రాయించుకొనవలెను.

స్టేషను నుండే వెంటబడి ఫలానా దుకాణానికి తీసుకొనిపోతామనే మధ్యవర్తుల కమీషను చీర ధరలోనే కలుస్తుంది. నేరుగా మగ్గము వద్దకు వెళ్ళేవారు ముందు అనుమతి అడిగి, పని చేస్తున్న మనిషిని ఫొటో తీసే ముందు మరొకసారి అడగవలెను. మగ్గము వద్ద ఎక్కువ బేరము ఆడుట బాగుండదు, ఎందుకనగా అక్కడ తగ్గేది కూలియే.

వసతి, భోజనము, భాష

బస చేయుటకు హిందూపురం అన్నింటికన్న అనుకూలము. 2019లో పెనుకొండ దగ్గరి ఎర్రమంచి వద్ద కార్ల కర్మాగారములో ఉత్పత్తి మొదలైన తరువాత హోటళ్ళు పెరిగినవి. కొరియా వంటకాలు దొరికే చోట్లు కూడా వెలిశాయి. స్థానిక రుచి కావాలంటే ఉదయము బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ, మధ్యాహ్నము రాగిసంకటి, చెనిక్కాయల ఊరుబిండి, పండుగ రోజులలో ఓళిగలు తినవలెను. కూరలలో కారము ఎక్కువ. అలవాటు లేనివారు ముందే చెప్పుట మంచిది.

హిందూపురం, మడకశిర వైపు తెలుగు, కన్నడము రెండూ వినబడతాయి. ముస్లిముల ఇండ్లలో ఉర్దూ మాట్లాడతారు. కోస్తా నుండి వచ్చినవారికి ఇక్కడి యాస మొదట కొత్తగా ఉంటుంది. మాట చివర వచ్చే "అప్పా" ఆప్యాయతకు గుర్తు, అమర్యాద కాదు. దారి అడిగేటప్పుడు "అన్నా", "అక్కా" అని పిలిస్తే పెద్దలు వెంట వచ్చి మరీ చూపిస్తారు.

సమీపములోని ఇతర ప్రదేశాలు

వ్యవధి ఉన్నవారు అమరాపురం మండలములో నొళంబ పల్లవుల రాజధానిగా ఉండిన హేమావతిని చూడవచ్చును. అక్కడి సిద్ధేశ్వరాలయములో శివుడు లింగముగా కాక జటలతో కూర్చున్న రూపములో ఉండుట విశేషము. హిందూపురానికి దక్షిణాన, కర్ణాటకలోని గౌరిబిదనూరు దారిలో విదురాశ్వత్థ ఉన్నది. అక్కడ 1938 ఏప్రిల్ 25న స్వాతంత్ర్యోద్యమ సభపై పోలీసులు కాల్పులు జరిపారు. మరణించినవారి స్మారకము ఆలయానికి సమీపములో కలదు.