కళ్ళెదుట పెట్టిన సంతకం

జనవరిలో చికాగో గడ్డకట్టుకుపోతుంది, బేస్‌బాల్ ఆటలుండవు. ఆ ఖాళీలోనే కబ్స్ జట్టు 1986లో అభిమానుల మేళా మొదలుపెట్టింది. సెయింట్ లూయిస్ కార్డినల్స్ మేళా 1997లో వచ్చింది. అక్కడ సంతకాల టికెట్ల డబ్బు పిల్లల సేవకు వెళుతుందట, అది నాకు బాగా నచ్చింది.

మావాడు సంతకమున్న బంతి ఆన్‌లైన్‌లో కొంటానంటే నేనొప్పుకోలేదండీ. 1990లలో ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో దొంగ సంతకాల ముఠాలను పట్టుకుంది. శాన్ డియెగో ఆటగాడు టోనీ గ్విన్ తన జట్టు దుకాణంలోనే తన పేరుతో నకిలీ సంతకాలు చూశాడు! ఆ ముఠా సరుకులో మదర్ థెరిసా సంతకంతో బేస్‌బాల్ కూడా ఉంది. ఆవిడకి బంతితో ఏం పనో, కొన్నవాళ్ళకైనా తట్టొద్దూ!

2001లో లీగ్ హోలోగ్రామ్ స్టిక్కర్లు తెచ్చింది. లీగ్ మనిషి స్వయంగా చూస్తేనే స్టిక్కరు. మావాడు మేళాలో వరుసలో నిలబడి రాయించుకున్న బంతికి అది లేదు. అమ్మితే ధర తక్కువేనట. మాకు అమ్మే ఉద్దేశం లేదు.