మనుషులు నాటిన చెట్లు, మనుషులు లేని అడవి: మహాలే చింపాంజీ యాత్రకు పూర్వరంగం

ఉపోద్ఘాతం

టాంజానియా పశ్చిమాన, టాంగన్యీకా సరస్సు తూర్పు తీరాన మహాలే పర్వతాలు ఉన్నాయి. అడవి చింపాంజీలను దగ్గరగా చూడగోరే యాత్రికులకు ఇది ప్రసిద్ధ స్థలం. ఉద్యానంలో వాహనాలు తిరిగే బాటలు లేవు. చిన్న విమానంలో సరస్సు తీరానికి చేరి, అక్కడి నుండి పడవలో ప్రయాణించి, ఆపై కొండవాలుల మీద కాలినడకన వెళ్లాలి. చింపాంజీలు దిగువ వాలులకు వచ్చే జూన్-అక్టోబరు పొడి నెలలు ఇందుకు అనువైనవి. ఇటువంటి చోటును 'మారుమూల' అనీ, 'మనిషి అడుగు పడని అడవి' అనీ వర్ణించడం పరిపాటి. ఈ రెండు వర్ణనలు చరిత్ర ముందు ఎంతవరకు నిలుస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

'సఫారీ' పద పరిణామం

'సఫారీ' స్వాహిలీ పదం. దీనికి మూలం అరబ్బీలోని 'సఫర్'. ఉర్దూ మాటగా తెలంగాణకు పరిచితమైన 'సఫర్' కూడా అదే. స్వాహిలీలో నేటికీ ఏ ప్రయాణమైనా సఫారీయే. 19వ శతాబ్దంలో హిందూ మహాసముద్ర తీరంలోని బగామోయోకూ, టాంగన్యీకా ఒడ్డునున్న ఉజీజీకీ మధ్య బిడారులు నడిచేవి. న్యామ్‌వేజీ కూలీలు బరువులు మోసేవారు. ఏనుగు దంతాలతో పాటు బానిసలుగా పట్టుబడిన మనుషులనూ ఆ దారినే సముద్రతీరానికి తరలించేవారు. 1858లో బర్టన్, స్పీక్ సరస్సును చేరింది ఈ బిడారు దారినే. 1871లో లివింగ్‌స్టన్‌ను స్టాన్లీ కలుసుకున్నది ఉజీజీలోనే. అంటే ఆనాటి వర్తకులకు ఈ తీరం మారుమూల కాదు, గమ్యస్థానం.

ఆంగ్లంలో స్థిరపడిన తరువాత ఈ పదానికి వేట అన్న అర్థం బలపడింది. 1909లో తూర్పు ఆఫ్రికాకు వెళ్లిన అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్, ఆయన కుమారుడు కలిసి ఆ యాత్రలో 500కు పైగా జంతువులను వేటాడారు. కాలక్రమంలో తుపాకీ స్థానాన్ని కెమెరా ఆక్రమించింది. అయితే వేటకు గానీ వీక్షణకు గానీ కావలసిన ఆదర్శ స్థలం ఒక్కటే: జంతువులుండి మనుషులు లేని నేల. 1951లో జాతీయ ఉద్యానమైన సెరెంగెటి నుండి 1959లో మసాయి పశుపాలకులను తరలించడం ఈ భావన ఫలితమే.

మహాలే: పరిశోధన, నిర్వాసం

1960లో జేన్ గుడాల్ గోంబేలో చింపాంజీల అధ్యయనం ప్రారంభించారు. 1965లో క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకుడు తోషిసదా నిషిదా మహాలేలో స్థిరపడ్డారు. నిషిదా బృందం మొదట చెరకు, తరువాత అరటిపండ్లు పెట్టి చింపాంజీలను మచ్చిక చేసుకుంది. ఈ పద్ధతిని 1987లో విరమించారు. నేటి యాత్రికుని ఎదుట చింపాంజీ బెదరకుండా కూర్చోవడం సహజగుణం కాదు, దశాబ్దాల ఆ పరిచయ ఫలితం.

ఆ అడవి నిర్జనం కూడా కాదు. టోంగ్వే జనులు అక్కడ పోడు సేద్యం చేసుకుంటూ జీవించేవారు. అక్కడి ఎత్తైన శిఖరం న్కుంగ్వే వారికి పవిత్రం. పరిశోధకులకు అడవి దారులు చూపినవారు, చింపాంజీల జాడ తీసినవారు టోంగ్వే సహాయకులే. చింపాంజీలు తినే మొక్కలను పరిశోధకులు టోంగ్వే భాషలోని పేర్లతోనే నమోదు చేసుకున్నారు. 1981లో ఆ పేర్ల పట్టిక ప్రచురితమైంది. అయితే 1970ల్లో టోంగ్వే ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1985లో సుమారు 1,600 చదరపు కిలోమీటర్ల ప్రాంతం జాతీయ ఉద్యానమైంది.

ఊళ్లు పోయినా చెట్లు మిగిలాయి. మనుషులు నాటిన మామిడి, జామ, నిమ్మ పండ్లను మహాలే చింపాంజీలు 1980ల నాటికి తినడం నేర్చుకున్నాయని పరిశోధకులు గుర్తించారు. మన పల్లెల్లో పాటిదిబ్బ ఒకనాటి ఊరి ఉనికిని చెప్పినట్లే, ఈ చెట్లు అక్కడి జనావాసానికి సాక్ష్యాలు.

గంట నియమం

1966లో గోంబే చింపాంజీలకు పోలియో వంటి వ్యాధి సోకింది. 2006లో మహాలే చింపాంజీల గుంపులో శ్వాసకోశ వ్యాధి ప్రబలి మరణాలు సంభవించాయి. మానవుల వ్యాధులు చింపాంజీలకు సులభంగా సోకుతాయి. అందువల్లనే నేడు మహాలేలో ఒక బృందానికి ఆరుగురు యాత్రికులు, ఒక గంట సమయం, పది మీటర్ల దూరం, మాస్కు అనే నియమాలున్నాయి. జలుబుతో ఉన్నవారు యాత్రను వదులుకోవాలి. ఎంత ఖర్చు పెట్టి వచ్చినా ఈ నియమానికి మినహాయింపు కోరరాదు.

ముగింపు

మహాలే మొదటి నుండీ మారుమూల కాదు. బిడారు దారి మూతపడి, ఊళ్లు ఖాళీ అయిన తరువాత అలా మారింది. చింపాంజీల రక్షణ అవసరాన్ని ఈ చరిత్ర తగ్గించదు. ఆ రక్షణకు మూల్యం చెల్లించినవారిని మరువరాదని మాత్రమే చెబుతుంది. టోంగ్వే పేర్లు శాస్త్ర గ్రంథాల్లో చోటు సంపాదించాయి. ఆ పేర్లు పెట్టినవారికి ఆ అడవిలో చోటు లేకుండా పోయింది. మహాలే యాత్రకు సిద్ధమయ్యేవారు విమానం, పడవ, ఋతువు గురించి విచారించడంతో పాటు, తాము నడవబోయే బాటలు ఎవరివో కూడా తెలుసుకోవడం అవసరం.